కొలిమికి విశ్రాంతి లేదు, మనుష్యునికి కావలయును

(కేంద్ర ప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సమాజము, టాటానగర్, వార్షిక సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



టాటానగరమున కాపురమున్న తెలుగు కుటుంబములలో నేడు రెండు విధములైన ఉద్యోగ జీవితములు ఒకే ఇంటి కప్పు క్రింద కనబడుచున్నవి. తండ్రి ఆగ్నేయ రైల్వేలోనో, తపాలా శాఖలోనో, ఆదాయపు పన్ను కార్యాలయమునందో, 1950లో ప్రారంభమైన నేషనల్ మెటలర్జికల్ లాబరేటరీయందో పనిచేయును. ఆయనకు ఆఫీసు తెఱచు వేళ తెలియును, మూయు వేళ తెలియును. ఏటేట పెరుగు జీతమెంతయో తెలియును. రిటైరగు తేదీ కూడ తెలియును. కొడుకో కూతురో హైదరాబాదునందో, బెంగుళూరునందో, డల్లాసునందో ఒక సాంకేతిక సంస్థలో పనిచేయుదురు. వారి జీతము తండ్రి జీతమునకు కొన్ని రెట్లు. కాని నేటి పని ఎన్ని గంటలకు ముగియునో వారికి తెలియదు. మూడు మాసముల తరువాత తమ స్థానమేదియో అసలే తెలియదు.

ఈ రెండు తరములకు నడుమ ఒక అపార్థము పెరుగుచున్నది. కొడుకు రాత్రి ఫోను చేసి, "ఇక నా వల్ల కాదు నాన్నా" అనును. తండ్రి, "అంత జీతం ఎవరిస్తారురా, కొంచెం ఓర్చుకో" అనును. తల్లి, "వేళకు తింటున్నావా?" అని అడుగును. ముగ్గురును ప్రేమతోనే మాటలాడుదురు. ముగ్గురి మాటయు నిజమే. ఐనను ఒకరి మాట ఒకరికి వినబడదు. దినమెల్ల దేనితో పెనుగులాడుచున్నాడో కొడుకు చెప్పలేడు. ముప్పదియేండ్లు సర్కారు కొలువు చేసిన తండ్రి దానిని ఊహింపలేడు.

అందుచేత ఆ క్రొత్త ఉద్యోగముల తీరు ఎట్టిది, అది ఎక్కడి నుండి వచ్చినది, ఈ ఉక్కునగరము నూఱేండ్లలో నేర్చుకొన్న పాఠము దానికేమైన పనికివచ్చునా అని విచారించుట ఉచితము. టాటానగరవాసులు ఈ విచారణకు పరాయివారు కారు. భారతదేశమున యంత్రయుగపు వేగమును మొట్టమొదట ఒంటిపై సహించిన ఊళ్లలో ఇది ఒకటి.

1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడినది. సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమమునకు సమీపముననున్న సాక్చీ గ్రామము వద్ద 1911 డిసెంబరులో ఇనుమును, 1912 ఫిబ్రవరిలో ఉక్కును తయారుచేసిరి. 1919లో వైస్రాయి ఛెమ్స్‌ఫర్డు ప్రభువు సాక్చీకి జంషెడ్‌పూరని పేరిడెను. కాళీమాటి స్టేషను టాటానగర్ అయ్యెను. బెంగాల్ నాగపూర్ రైలు మార్గమున గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి తెలుగువారు కూలికి, కొలువుకు ఇచటికి వచ్చిరి. బిష్టుపూరులోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరము వారి నిలుకడకు సాక్ష్యముగా నేటికిని నిలిచియున్నది.

బ్లాస్టు ఫర్నేసు అను పెద్ద కొలిమి స్వభావము ఈ సభలోని పెద్దలకు తెలియనిది కాదు. పిల్లల కొఱకు చెప్పవలసియున్నది. ఒకసారి ముట్టించిన తరువాత అది ఏండ్ల తరబడి మండుచునే యుండవలయును. రాత్రియైనదని ఆర్పి ఉదయము మరల వెలిగించుటకు అది వంటపొయ్యి కాదు. చల్లారినచో లోపలి ఇనుము గడ్డకట్టి కొలిమియే పాడగును. అనగా పనికి విరామము లేదు. పనికి విరామము లేదు గనుకనే పనివానికి విరామమును ఏర్పాటు చేయవలసివచ్చినది. ఒక బృందము దిగును, మరియొక బృందము ఎక్కును. ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. రిలీవరు రానిదే ముందువాడు కదలడు. రిలీవరు వచ్చిన పిమ్మట ముందువానిని ఎవ్వరును నిలుపరు. కొలిమి ఆరకుండుటకు మూలము మనుష్యుడు ఇంటికి పోయి నిద్రించుటయే. ఉక్కునగరపు పని సంస్కృతి అంతయు ఈ ఒక్క సూత్రముపై నిలిచినది.

ఈ కర్మాగారమున 1912లోనే ఎనిమిది గంటల పనిదినము ప్రవేశపెట్టబడినది. ఆ కాలమునకు అదెంత పెద్ద మాటయో గ్రహింపవలయునన్న, 1911 నాటి ఫ్యాక్టరీల చట్టము నేత మిల్లులలో పురుషులచే దినమునకు 12 గంటలు పనిచేయించుటకు అనుమతించుచుండెనని జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఎనిమిది గంటల ఒడంబడికను చేసినది 1919లో. భారతదేశపు చట్టము వారమునకు 48 గంటల హద్దును విధించినది 1940లలో. జీతముతో కూడిన సెలవు, ప్రావిడెంటు ఫండు ఇచట 1920లో వచ్చినవి. ప్రసూతి సహాయము 1928లోను, లాభములలో వాటాగా బోనసు 1934లోను వచ్చినవి.

ఇదంతయు యజమానుల దయ వలన మాత్రమే లభించెనని తలచుట పొరపాటు. కార్మికుల పోరాటము వలన మాత్రమే లభించెననుటయు పొరపాటే. 1920లో, 1922లో, 1928లో ఇచట పెద్ద సమ్మెలు జరిగినవి. 1928 నాటి సంక్షోభము మాసముల తరబడి సాగినది. సుభాష్ చంద్రబోసు జోక్యము చేసికొనిన తరువాత సెప్టెంబరులో ఒప్పందము కుదిరినది. దూరదృష్టి గల స్థాపకులు కొంత ఇచ్చిరి. ఆకలి చూచిన కార్మికులు కొంత అడిగి తీసికొనిరి. 1956లో కంపెనీకిని టాటా వర్కర్స్ యూనియనుకును కుదిరిన ఒడంబడిక వలన సంయుక్త మండలులు ఏర్పడినవి. పనివాని మాటను యజమాని ఎదుట కూర్చుండి చెప్పుటకు ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక తేదీ ఏర్పడినవి. ఎనిమిది గంటల కంటె ఇది చిన్న విషయము కాదు.

ఈ సందర్భమున ఒక తెలుగు మహనీయుని తలచుకొనుట ధర్మము. బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు టాటానగర్ మీదుగా పోవు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకే నాయకులు. 1927 నాటి ఖరగ్‌పూరు సమ్మెలో వారి పాత్ర చరిత్ర ప్రసిద్ధము. 1952లో కేంద్ర కార్మిక మంత్రియై, బ్యాంకు ఉద్యోగుల విషయమున ట్రిబ్యునలు తీర్పును ప్రభుత్వము మార్చగా, 1954లో పదవిని వదలుకొనిరి. కోర్టులకెక్కుటకంటె ఉభయులును ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనుట మేలని వారి సిద్ధాంతము. 1969లో వారు రాష్ట్రపతియైరి. పనివాని గౌరవమును గూర్చి తెలుగువారు క్రొత్తగా నేర్చుకొనవలసిన దుర్గతి లేదు, మఱచిపోకున్న చాలును.

ఇక రెండవ సంప్రదాయము. అమ్మకమే ప్రాణముగా నడచు సాంకేతిక సంస్థ నిన్న మొన్న పుట్టినది కాదు. 1884లో జాన్ ప్యాటర్సన్ అను అమెరికా వ్యాపారి ఒహాయో రాష్ట్రములోని డేటన్ పట్టణమున నగదు లెక్కించు యంత్రములను తయారుచేయు సంస్థను కొనెను. అదియే నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ అయ్యెను. నాటికి ఆ యంత్రము వింత వస్తువు. కొనుటకు ఎవ్వరికిని తోచదు. కావున దానిని చేయుటకంటె అమ్ముట కష్టమయ్యెను. ప్యాటర్సన్ ప్రతి అమ్మకపువానికి ఒక ప్రాంతమును, ఒక కోటాను నిర్ణయించెను. మాటలాడవలసిన తీరును నేర్పెను. పెద్ద కిటికీలతో వెలుతురు నిండిన ఫ్యాక్టరీలను కట్టించి, పనివారి ఆరోగ్యమును శ్రద్ధతో చూచెను. ఆ ప్యాటర్సనే పెద్ద పెద్ద ఉద్యోగులను ఉన్నట్లుండి తొలగించుటకును ప్రసిద్ధికెక్కెను.

ఆయన వద్ద అమ్మకపు విద్య నేర్చిన థామస్ వాట్సన్ అట్లే తొలగింపబడి, 1914లో వేఱొక చిన్న సంస్థకు అధిపతియయ్యెను. 1924లో దానికి ఐబీయం అని పేరు పెట్టెను. కోటాను పూర్తిగా సాధించిన అమ్మకపువారికి ఆ సంస్థలో నూటికి నూఱు క్లబ్బని ఒక గౌరవ సంఘముండెడిది. కంప్యూటరు యుగమునకు ఈ విధముగ ఇంజనీరుతో పాటు అమ్మకపువాడును తండ్రియే. ఉద్యోగిని బిడ్డవలె లాలించుట, అంకె తప్పిననాడు పరాయివానివలె పంపివేయుట అను రెండు గుణములును ఆ వంశమున నాటినుండియే కలసియున్నవి. నేటి సంస్థలలో ఉచిత భోజనము, ఆటగది ఒక ప్రక్కను, ఈమెయిలులో వచ్చు తొలగింపు నోటీసు మరియొక ప్రక్కను కనబడినచో ఆశ్చర్యపడవలసినది లేదు.

ఈ రెండు వంశములకు టాటానగరముననే ఒక సంబంధమున్నది. 1968లో స్థాపితమైన టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తొలిదినములలో చేసిన పనులలో ఈ ఉక్కు కంపెనీకి పంచ్‌కార్డుల లెక్కలు చేసిపెట్టుట ఒకటి. ఆ చిన్న పని నుండి పెరిగిన సంస్థలో 2025 నాటికి సుమారు 6 లక్షల మంది ఉద్యోగులుండిరి. అదే సంవత్సరము జూలైలో, వారిలో 12 వేల మందికి పైగా తగ్గింపనున్నట్లు ఆ సంస్థ ప్రకటించినది.

ఇట్టి అమ్మకపు సంస్థలలో దినము ఎట్లు గడచును? ఉదయము ఒక చిన్న సమావేశము. నిన్న ఎందరితో మాటలాడితివి, నేడు ఎందరితో మాటలాడెదవు, ఈ మాసము ఎంత తెచ్చెదవు అను ప్రశ్నలు. ఎవరెంత అమ్మిరో చూపు పట్టిక అందరి కంటి యెదుట. జీతములో ఒక భాగము స్థిరము, మరియొక భాగము అమ్మకముపై ఆధారపడునది. అమెరికా కొనుగోలుదారునికి ఉదయమైనప్పుడు హైదరాబాదున రాత్రి. కావున రాత్రి కూడ పని. ఇంజనీరు అమ్మకపువాడు కాకపోయినను తప్పించుకొనలేడు. అమ్మినవాడు ఏ తేదీకి సరుకు ఇత్తునని మాటయిచ్చెనో ఆ తేదీ ఇంజనీరు నెత్తిమీద పడును. అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజిలోని కంపెనీలు మూడు మాసములకొకసారి లెక్కలు ప్రకటింపవలయును గనుక, ప్రపంచమంతట ఆ ఉద్యోగులకు సంవత్సరము నాలుగు ముక్కలైనది. ప్రతి ముక్క చివర ఒక పరీక్ష.

ఉక్కు కొలిమికిని దీనికిని ఉన్న భేదము ఇచటనే తెలియును. కొలిమి వేగము ఇనుపరాతిని బట్టి, బొగ్గును బట్టి ఏర్పడును. మేనేజరు కోరినంత మాత్రమున ఇనుము త్వరగా కరగదు. అంకె అట్లుకాదు. ఈసారి పది అమ్మినవానికి వచ్చుసారి పండ్రెండు కోటా; పండ్రెండు అమ్మినవానికి పదునైదు. కొలిమికి నిండుట కలదు. అంకెకు నిండుట లేదు. పైగా కొలిమి ఊరి అంచున నుండెను, పనివాడు దాని వద్దకు పోయి మరల వచ్చెను. ఈ క్రొత్త కొలిమి ల్యాప్‌టాపులో, జేబులోని ఫోనులో ఇంటికే వచ్చినది. షిఫ్టు ముగిసినదని చెప్పువారు లేరు. రిలీవరు లేడు. అసలు కష్టమంతయు ఈ రెండు చిన్న మాటలలో నున్నది.

ఐనను న్యాయము చెప్పవలయును. ఆ సంస్థలలో పనిచేసిన యువకులు అన్నియు చేదు మాటలే చెప్పరు. ఇరువదియైదేండ్ల పిల్లవాని మాటను పెద్దలు శ్రద్ధగా వినుట, పేరుతో పిలుచుకొనుట, సర్వీసు లెక్క చూడక ప్రతిభ చూచి బాధ్యత నిచ్చుట అచట కలదు. ఒక సంవత్సరములో నేర్చుకొన్నది వేఱొకచోట అయిదేండ్లలో నేర్వలేమని చెప్పువారెందరో ఉన్నారు. చిన్న ఊళ్ల నుండి వచ్చిన ఆడుపిల్లలు తమ కాళ్లపై తాము నిలబడి, అప్పులు తీర్చి, తమ్ముళ్లను చదివించిరి. కిటికీ యెదుట గంటలకొలది నిలిచిన పౌరుని అడిగినచో సర్కారు ఆఫీసులకు కొంత వేగము అవసరమనియే చెప్పును. కావున వేగము దోషము కాదు. వేగమునకు హద్దును చెప్పువారు లేకపోవుట దోషము.

హద్దు లేని అంకె తుదకు అబద్ధమును పుట్టించును. 1987లో హైదరాబాదున స్థాపితమైన సత్యం కంప్యూటర్స్ తెలుగువారి గర్వకారణముగా పెరిగినది. 2009 జనవరి 7న దాని అధిపతియే, పుస్తకములలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఉత్తరము వ్రాసెను. లేని అమ్మకములకు బిల్లులు సృష్టించినట్లు దర్యాప్తులో తేలినది. ఏ తప్పును చేయని వేలాది ఉద్యోగుల ఇండ్లలో ఆ సంక్రాంతి ఎట్లు గడచెనో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రభుత్వము క్రొత్త డైరెక్టర్లను నియమించి సంస్థను నిలిపినది. ఆ ఏప్రిలులో టెక్ మహీంద్రా దానిని తీసికొన్నది. అమెరికాలోని వెల్స్ ఫార్గో అను పెద్ద బ్యాంకులో అమ్మకపు కోటాలకు భయపడిన ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండనే వారి పేర ఖాతాలు తెఱచిరి. 2016లో ఆ బ్యాంకునకు 18 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా పడినది. అంతకు ముందు కొన్నియేండ్లలో 5,300 మంది ఉద్యోగులు తొలగింపబడిరి. ఒక చోట అధిపతి, మరియొక చోట గుమాస్తా. ఇద్దరిచేతను అబద్ధమాడించినది అంకెయే.

ఈ ప్రమాదమును ముందుగనే హెచ్చరించిన పండితుడు ఎడ్వర్డ్స్ డెమింగ్. 1950 నుండి జపాను పరిశ్రమలకు నాణ్యతాశాస్త్రమును బోధించిన ఈ అమెరికను, కర్మాగారమునుండి భయమును పారద్రోలుడని చెప్పెను. ఉద్యోగులకు అంకెల కోటాలు విధించుట మానుడనియు చెప్పెను. భయపడినవాడు తప్పును దాచును, దాచిన తప్పు పెరుగునని ఆయన వాదము. ఆయన పేర జపానువారు ఇచ్చు బహుమానమును 2008లో టాటా స్టీలు పొందినది.

ఇది విని, ఈ ఊరి పరిశ్రమకు అమ్మకపు చింత ఎన్నడును లేదని ఎవ్వరును భ్రమపడరాదు. 1992 వరకు ఉక్కు ధర ప్రభుత్వ నిర్ణయము. కొనువాడు వరుసలో నిలుచువాడు. ఆ సంవత్సరము నియంత్రణ తొలగినది. అంతవఱకు ఉక్కు చేయుటయే పని. అటుపిమ్మట అమ్ముటయు పని. కొనువాని గుమ్మమునకు పోవలసివచ్చినది; ఇంటి కప్పు రేకులకు, కాంక్రీటు కడ్డీలకు కూడ బ్రాండు పేర్లు వచ్చినవి. 1990ల తొలినాళ్లలో సుమారు 78 వేలుగా ఉండిన ఉద్యోగుల సంఖ్య, పదునైదేండ్లలోపల దాదాపు సగమునకు తగ్గినది. ఈ ఊరిలో ఆ దినములు మఱచిపోయిన ఇల్లు లేదు.

కాని తగ్గించిన విధమును గమనింపవలయును. యూనియనుతో మాటలాడిరి. ముందుగా ఉద్యోగము వదలుకొన్నవారికి, వారి విరమణ వయస్సు వచ్చువఱకు నెలనెల ఒక మొత్తమును చెల్లించు పథకము పెట్టిరి. ఇది లోపములు లేని ఏర్పాటని కాదు. పని పోయినవాని మనస్సులోని వెలితిని నెలజీతము పూరింపదు. కాంట్రాక్టు పనివారికి ఈ రక్షణలు అంతగా అందలేదు. ఐనను, వదలిపోవు మనిషి యెదుట ఎవరో ఒకరు కూర్చుండిరి, ముఖము చూచి మాటలాడిరి.

దీని ప్రక్కన మరియొక చిత్రము. 2022 చివర, 2023 మొదట అమెరికా సాంకేతిక సంస్థలు ఉద్యోగులను తగ్గించినప్పుడు మెటా 11 వేల మందిని, గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్టు 10 వేల మందిని తగ్గింపనున్నట్లు ప్రకటించినవి. పెక్కుమందికి ఆ వార్త ఈమెయిలులో చేరినది. కొన్ని మాసముల జీతము నిచ్చిరి; అది మెచ్చవలసిన విషయమే. కాని హెచ్1బి వీసాపై నున్న తెలుగు కుటుంబమునకు సమస్య జీతము కాదు, గడువు. ఉద్యోగము పోయిన 60 దినములలోపల వేఱొక యజమానిని వెదకుకొననిచో, లేదా వేఱొక చట్టబద్ధమైన మార్గము చూచుకొననిచో, ఇల్లు, పిల్లల బడి, కారు అప్పు అన్నియు విడిచి రావలయును. ఆ 60 దినముల భయము ఉద్యోగమున్నప్పుడే మొదలగును. రాత్రి పదకొండు గంటల ఫోనుకు కాదనలేకపోవుటకు పెక్కుసార్లు అదియే కారణము.

సంస్థలు మారజాలవని నిరాశపడనక్కఱలేదు. తోటివారితో పోల్చి ప్రతి ఉద్యోగికి ఒక స్థానమంటగట్టు పద్ధతి చాలకాలము మైక్రోసాఫ్టునందుండెను. ఎంత మంచి బృందములోనైనను కొందరు వెనుకబడినవారని వ్రాయవలసియుండుటచే, తోడ్పడవలసినవారు పోటీదారులైరి. 2013 నవంబరులో ఆ పద్ధతిని ఎత్తివేసిరి. 2014 ఫిబ్రవరిలో అధిపతియైన హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ల, అన్నియు తెలిసినవాడనను అహంకారముకంటె నేర్చుకొను గుణము మేలని సంస్థకు బోధించెను. ఫ్రాన్సులో 2017 నుండి, ఆస్ట్రేలియాలో 2024 నుండి పనివేళలు ముగిసిన తరువాత ఆఫీసు పిలుపుల నుండి తప్పించుకొను హక్కును చట్టము గుర్తించినది. లోక్‌సభలో 2018లో అట్టి అనధికార బిల్లు ఒకటి ప్రవేశపెట్టబడినది కాని చట్టము కాలేదు. 1912లో ఎనిమిది గంటలు కూడ జరుగనిపనియని తలచినవారెందరో ఉండియుందురు.

ఇంతలో గృహస్థులు చేయదగినదేమి?

మొదటిది, ఉద్యోగములో చేరునప్పుడే అడుగవలసిన ప్రశ్నలను పిల్లలకు నేర్పవలయును. చెప్పిన జీతములో స్థిరమెంత, అమ్మకముపై ఆధారపడినదెంత? కోటాను నిర్ణయించువారెవరు, అది అందుకొనువారు నూటికెందరు? రాత్రి పిలుపులు వారమునకెన్ని? నోటీసు గడువు ఎంత? పదిమంది, అంతకు మించి పనిచేయు ప్రతిచోటను స్త్రీల ఫిర్యాదులను విచారించు అంతర్గత సంఘముండవలయునని 2013 చట్టము. అది పేరుకేనా, పనికేనా? పెద్ద సంస్థ ఈ ప్రశ్నలకు కోపగించదు. కోపగించినచో అదియే జవాబు.

రెండవది, పిల్లల మెడకు అప్పును తొందరపడి కట్టరాదు. చేరిన ఏడాదిలోనే ఫ్లాటు కొనుమని ప్రోత్సహించువారు సాధారణముగా తల్లిదండ్రులే. కమీషను వచ్చిన మంచి సంవత్సరమును చూచి ఇరువదియేండ్ల వాయిదాలకు ఒప్పుకొన్నవాడు, అన్యాయమైన మాటకు "కాదు" అనలేడు. ఆరుమాసముల ఇంటిఖర్చు బ్యాంకులో నిలువయున్నచో, అది డబ్బు మాత్రమే కాదు, నోరు కూడ. విదేశమున వీసాపై నున్నవారికి ఇది మఱింత అవసరము.

మూడవది, పెండ్లి సంబంధముల మాట. పిల్లవాని ప్యాకేజీ ఎంతయని అడుగనివారు లేరు. దినమునకెన్ని గంటలు నిద్రించునని అడుగువారు లేరు. ఉద్యోగము మారినచో, కొన్నాళ్లు లేకున్నచో, బంధువుల యెదుట తల వంగునని భయపడు ఇంట, పిల్లవాడు తన కష్టమును ఎట్లు చెప్పును? ఆ సిగ్గు ఆఫీసు పెట్టినది కాదు, ఇల్లు పెట్టినది. దానిని తీసివేయుట ఇంటివారి చేతిలోని పని.

నాలుగవది, సంస్థలను నడపబోవువారికి. కార్మిక సంబంధముల అధ్యయనము కొఱకు 1949లో స్థాపితమైన ఎక్స్.ఎల్.ఆర్.ఐ. ఈ ఊరనే కలదు. అచట చదివినవారు నేడు దేశమందలి సాంకేతిక సంస్థలలో ఉద్యోగుల వ్యవహారములు చూచుచున్నారు. తెలుగు పిల్లలెందరో మేనేజర్లగుచున్నారు. వారు తమ క్రిందివారికి రాత్రి పదకొండు గంటలకు ఫోను చేయుటకు ముందు, ఈ నగరమున ఒక ఫోర్‌మన్‌కైనను షిఫ్టు ముగిసిన పనివానిని వెనుకకు పిలుచుటకు కారణము చెప్పవలసియుండునని తలచుకొన్నచో చాలును.

సోదరులారా! "మనమందరమొక కుటుంబము" అని క్రొత్త సంస్థలు తఱచుగా చెప్పుచున్నవి. కుటుంబమునకు ఒక లక్షణము కలదు: వెనుకబడిన బిడ్డను అది బయటకు పంపదు. సంస్థ ఆ పనిని చేయజాలదు. చేయవలెనని కోరుటయు న్యాయము కాదు. అది వ్యాపారము. దానినుండి కోరదగినవి మూడు: చెప్పిన జీతము, చెప్పిన వేళ, ముఖము చూచి చెప్పు మాట. తక్కినది నిజమైన కుటుంబమే ఇయ్యవలయును. కొడుకు ఫోను చేసి "నా వల్ల కాదు నాన్నా" అన్ననాడు, "ఓర్చుకో" అనుటకు ముందు "ఏమి జరిగినది, చెప్పు" అని తండ్రి అడుగవలయును. విన్న తరువాత ఓర్చుకొనుమని చెప్పవలసివచ్చినను, ఆ మాట అప్పుడు వేఱుగ వినబడును.

ఉక్కునగరమున ఎంతటి మొనగాడైనను ఎనిమిది గంటల తరువాత తన స్థానమును ఇంకొకరికి అప్పగించి ఇంటిదారి పట్టును. అది సోమరితనమని ఇచట ఎవ్వరును అనుకొనరు. మరునాటి ఉక్కు కొఱకు అది అవసరమని తెలిసిన ఊరిది. దూరదేశముల కొలువులలో నున్న బిడ్డలకు ఈ తెలివిని జీతముతో ఎవ్వరును ఇయ్యరు. టాటానగరము ఇయ్యగలదు, ఇయ్యవలయును.

శుభం భూయాత్.